నాన్న చేతుల్లో నన్నుంచిన సాయంత్రం

నా చిన్నప్పుడు, ఒక వేసవిలో, మేముండే నిమ్‌పురా అంతా పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారన్న పుకారు పట్టుకుంది. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. మలంచాలో ఒక పిల్లాడు కనపడకుండా పోయాడని ఒకరంటే, సాలువా దారిలో గోనెసంచిలోంచి ఏడుపు వినిపించిందని మరొకరు అనేవారు. ఆ పిల్లాడు ఎవరి పిల్లాడు, ఆ ఏడుపు విన్నదెవరు అని అడిగితే ఎవరూ చెప్పలేకపోయేవారు. అయినా మా రైల్వే క్వార్టర్లలో పొద్దు వాలేసరికి తలుపులు మూసుకునేవి. అలాంటి దొంగని బెంగాలీలో ఛేలేధరా అంటారు. ఆ మాట చెవిన పడితే చాలు, నాకు ఒళ్ళు జలదరించేది.

అప్పటికి నాకు ఏడేళ్ళు ఉంటాయేమో. ఊచలా ఉండేదాన్ని. మా తాతల కాలంలోనే కోస్తా నుంచి ఈ బెంగాలీ ఊరికి రైలు పనికి వచ్చి ఇక్కడే పాతుకుపోయిన కుటుంబం మాది. నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు. అమ్మా, నాన్నా, నాన్నని కన్న మా మామ్మా, నేనూ ఆ రెండు గదుల క్వార్టరులో ఉండేవాళ్ళం.

ఛేలేధరా కంటే నాకు దగ్గరగా ఉన్న భయం ఇంకొకటి ఉండేది. అది నాన్న కోపం. ఆయన మమ్మల్ని ఏనాడూ కొట్టలేదు. కానీ కోపం వచ్చినప్పుడు ఆ మొహం నాకు తెలిసిన మొహంలా ఉండేది కాదు. నాకు ఊహ తెలిసిన కొత్తలో, తోటి పనివాడు ఏదో మాట తూలాడని అతన్ని గోడకేసి కొట్టారు. దవడ ఎముక విరిగింది. ఆ దెబ్బ తిన్నాయనే మా ఇంటి పరిస్థితి చూసి జాలిపడి ఫిర్యాదు వెనక్కి తీసుకోబట్టి నాన్న ఉద్యోగం నిలిచింది. ఆ తరవాత ఆదివారం నాన్న చర్చిలో అందరి ముందూ మోకరించి, ఇక ఎవరి మీదా చెయ్యెత్తనని దేవుడికి మాటిచ్చారు. ఆరాధన అయి బయటికి వస్తూ కొందరు మూతులు తిప్పుకుని నవ్వుకోవడం నేను చూశాను. నాన్న కూడా చూశారు. మామ్మ మాత్రం నవ్వనూ లేదు, మెచ్చుకోనూ లేదు. “మాటిచ్చీడం సులువే నాయినా” అని ఊరుకుంది.

ఆశానిగ్రహం అన్న మాట మా సండేస్కూల్ టీచరమ్మ మాకు నేర్పింది ఆ రోజుల్లోనే. నాకు నోరు తిరిగేది కాదు. ఇంకో మిఠాయి తినాలని ఉన్నా చెయ్యి వెనక్కి తీసుకోవడమే ఆశానిగ్రహం అని ఆవిడ చెప్పింది. అది మిఠాయిలకి సంబంధించిన సంగతి అనే చాలాకాలం అనుకున్నాను.

ఆ రోజు ఎండ మండిపోతోందని బడి తొందరగా వదిలేశారు. రోజూ అమ్మ వచ్చి నన్ను తీసుకెళ్ళేది. అమ్మ వచ్చేదాకా గేటు దగ్గర ఒక్కదాన్నీ నిలబడాలంటే భయం వేసింది. నడిచి వెళ్ళాలన్నా భయమే. ఎటు చూసినా భయమే కనక నడవడమే మేలనుకున్నాను. దగ్గరి దారి అని యార్డు పక్కనుంచి బయలుదేరాను. గూడ్సు పెట్టెలు వరసగా నిలబడి ఉన్నాయి. మనిషి అలికిడి లేదు. పెట్టెకీ పెట్టెకీ మధ్య చీకట్లోంచి ఎవరో చూస్తున్నట్టే ఉంది.

ఎవరూ రాలేదు కానీ ఒక కుక్క వచ్చింది. మొరుగుతూ మీదికి వచ్చేసరికి దారి చూసుకోకుండా పరిగెత్తాను. పట్టాల పక్కన పోసిన కంకరలో బోర్లా పడ్డాను. మోకాలు చీరుకుపోయింది. పెదవి పగిలి నోట్లోంచి రక్తం గౌనంతా కారింది. తలెత్తి చూస్తే, కుక్కని అదిలిస్తూ ఒక ముసలాయన సైకిలు దిగుతున్నాడు. ఆ సైకిలు వెనక నాకంటే పెద్ద గోనెసంచి కట్టి ఉంది.

ఆయన నా దగ్గర కూర్చుని, భుజం మీది తుండుగుడ్డ చింపి నా మోకాలికి కట్టు కట్టాడు. “ఖుకీ, బాడీ కోథాయ్?” అన్నాడు. పాపా, మీ ఇల్లెక్కడ అని అడుగుతున్నాడని నాకు అర్థమైంది. నోరు విప్పలేక వేలు చూపించాను. నన్ను ఎత్తి సైకిలు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని నడిపించుకుంటూ బయలుదేరాడు. మధ్యలో సంచి మూతి విప్పాడు. ఇక అయిపోయింది, నన్ను అందులో పెట్టేస్తాడని కళ్ళు మూసుకున్నాను. గుప్పెడు మరమరాలు తీసి నా చేతిలో పోశాడు. ఆయన సాలువా అవతలి పల్లె నుంచి మరమరాలు తెచ్చి ఇంటింటికీ అమ్ముకునే మనిషి. ఆ సంగతి నాకు తరవాత తెలిసింది. అప్పుడు మాత్రం ఆ మరమరాల్లో మత్తుమందు ఉందనుకున్నాను. నోట్లో వేసుకోకుండా గుప్పిట బిగించాను.

మా క్వార్టర్ల లైను మొదట్లో ఒకావిడ మమ్మల్ని చూసింది. రక్తంతో తడిసిన పిల్ల, తెలియని మనిషి, గోనెసంచి. “ఛేలేధరా!” అని ఆవిడ పెట్టిన కేక నాకు ఈనాటికీ వినిపిస్తుంది. తలుపులన్నీ ఒక్కసారి తెరుచుకున్నాయి. ఎవరో నన్ను సైకిలు మీంచి లాగి మా ఇంటి మెట్ల మీద మామ్మ ఒళ్ళో పడేశారు. ముసలాయన కింద పడ్డాడు. ఆయన సంచిని కత్తితో కోశారు. అందులోంచి పిల్లలెవరూ రాలేదు. తెల్లగా మరమరాలు రోడ్డంతా పరుచుకున్నాయి. అది చూసి కూడా ఎవరూ ఆగలేదు. చెప్పులతో ఆ మరమరాలు తొక్కుకుంటూనే ఆయన్ని తన్నారు.

మామ్మ నా మొహం తుడుస్తూ ఏమైందని అడుగుతోంది. చెప్పాలనే ఉంది. కానీ పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి, మాట రావడం లేదు. అమ్మ ఇంట్లో లేదు. నన్ను తీసుకురావడానికి ఇంకో దారిన బడికి వెళ్ళింది.

ఆ సమయానికే వర్క్‌షాపు సైరన్ మోగింది. కాసేపటికి మా లైనులోకి సైకిళ్ళు రావడం మొదలైంది. నాన్నని చూడగానే గుంపు రెండుగా చీలి దారిచ్చింది. ఎదురు క్వార్టరు మావయ్య ముసలాయన కాలరు పట్టుకుని ఉన్నాడు. భారీ మనిషి. అతని చేతిలో ఇనప కడ్డీ ఉంది.

“నీ గుంటనే ఎత్తుకుపోతన్నాడు. అదిగో, రకతం సూడు” అని కడ్డీని నాన్న చేతిలో పెట్టాడు. “తండ్రివి, మొదటి దెబ్బ నీదే. తరవాత సంగతి మేం సూసుకుంటాం.”

నాన్న నా వైపు చూశారు. గౌను మీద రక్తం చూశారు. ఆ మొహం మారిపోవడం నేను మెట్ల మీంచి చూస్తూనే ఉన్నాను. ముసలాయన రెండు చేతులూ జోడించి, నేనేమీ చెయ్యలేదు బాబూ, నేనేమీ చెయ్యలేదు అని బెంగాలీలో గొణుగుతున్నాడు. కనుబొమ పగిలి కంట్లోకి రక్తం కారుతోంది. నాన్న కడ్డీని పైకెత్తలేదు కానీ పట్టు బిగించారు. ఛేలేధరా చేతిలో ఉన్నాననుకున్నప్పుడు పడిన భయం ఈ భయం ముందు ఏపాటిది?

అప్పుడు మామ్మ లేచింది. బియ్యం డబ్బా జరపాలన్నా అమ్మని కేకేసే మనిషి, నన్ను ఎత్తి నడుం మీద వేసుకుంది. గుంపులోంచి తోసుకుంటూ వెళ్ళి నాన్న ఎదురుగా నిలబడింది. బైబిలు వాక్యం చెప్పలేదు. చేసిన ప్రమాణం గుర్తుచెయ్యలేదు. నన్ను నాన్న గుండెల మీదికి నెట్టింది.

“ఇదిగో, అట్టుకో. నాను మొయ్యలేను” అంది. అని, చేతులు వదిలేసింది.

నేను జారిపోయాను. పట్టుకోకపోతే పడిపోతాను. కడ్డీ రోడ్డు మీద పడి ఖంగుమంది. నాన్న రెండు చేతులూ నన్ను చుట్టుకున్నాయి.

ఆ చేతులు వణుకుతున్నాయి. నూనె, ఇనుము కలిసిన ఆయన చొక్కా వాసన నాకు తెలిసిందే. కానీ ఆ వణుకు ఎన్నడూ ఎరగను. పళ్ళు నూరుకుంటున్న చప్పుడు నా చెవి పక్కనే వినిపిస్తోంది. గుండె నా గుండెకేసి కొట్టుకుంటోంది. మా నాన్నకి కూడా భయం వేస్తుందని నాకు ఆ క్షణందాకా తెలియదు. ఎవరిని చూసి భయపడుతున్నారో తెలుసుకోవడానికి మాత్రం నాకు ఇంకా చాలా ఏళ్ళు పట్టింది.

“పిల్లని దించు” అన్నాడు మావయ్య. నన్ను అందుకోవడానికి చెయ్యి కూడా చాపాడు.

“దించను” అన్నారు నాన్న. “దించితే నా సేతులు నా మాట ఇనవు.”

మావయ్య చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నాన్న నా చెవి దగ్గర నోరు పెట్టి, “ఏటయ్యింది తల్లీ? మెల్లగా సెప్పు” అన్నారు. ఆయన నన్ను అంత మెల్లగా ఏదీ ఎప్పుడూ అడగలేదు. అప్పుడు నాకు మాట వచ్చింది.

“కుక్క తరిమీసింది నాన్నా. పడిపోనాను. తాత కట్టు కట్టినాడు.”

గుప్పిట విప్పి చూపించాను. చెమటకి మెత్తబడిన మరమరాలు అరచేతికి అంటుకుని ఉన్నాయి.

“సిన్నపిల్ల మాటేటి? ఈడే భయపెట్టుంటాడు” అని వెనకనుంచి ఎవరో అన్నారు. ఆ మాటకి గుంపు మళ్ళీ కదిలింది. అప్పుడు నాన్న ఎవరూ ఊహించని పని చేశారు. ముసలాయన పక్కనే, ఆ మరమరాల మధ్య, నన్ను ఒళ్ళో పెట్టుకుని రోడ్డు మీద కూలబడ్డారు. ధైర్యంతో కూర్చున్నారని చూసినవాళ్ళు తరవాత గొప్పగా చెప్పుకున్నారు. కాళ్ళలో సత్తువ లేక కూర్చున్నానని నాన్న చెప్పారు. ఏదైతేనేం, కూర్చున్న మనిషిని దాటి ఆ ముసలాయన్ని కొట్టడానికి ఎవరికీ కాలు ముందుకు రాలేదు. ఒక్కొక్కరే తలుపుల వైపు నడిచారు. మావయ్య కడ్డీ తీసుకుని, ఎవరి మొహమూ చూడకుండా లోపలికి వెళ్ళిపోయాడు.

ముసలాయన్ని ఇంట్లోకి తీసుకొచ్చి మామ్మ గాయాలు కడిగి పసుపు అద్దింది. గ్లాసుతో నీళ్ళిస్తే తాగుతూ గుమ్మం వైపే చూస్తున్నాడు. అమ్మ ఆయాసపడుతూ వచ్చి, నన్ను చూసి ఏడుస్తూ కూలబడింది. ముసలాయన ఇంక ఒక్క క్షణం ఉండనన్నాడు. దారిలో మళ్ళీ ఎవరైనా పట్టుకుంటారేమోనని నాన్న తోడు బయలుదేరారు. నన్ను చంకన వేసుకునే బయలుదేరారు. ఆయన సైకిలు నడిపించుకుంటూ, నాన్న నన్ను మోసుకుంటూ మా లైను దాటాం. తలుపుల వెనకనుంచి మనుషులు చూస్తూనే ఉన్నారు.

సాలువా రోడ్డు మీదికి వచ్చాక నాన్న నన్ను కిందికి దించారు. క్షమించమని దణ్ణం పెట్టబోయి రెండు చేతులూ పైకెత్తారు. ఆ ముసలాయన చటుక్కున తల కప్పుకుని వంగిపోయాడు. కొడతారనుకున్నాడు. నాన్న ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉండిపోయాయి. ముసలాయన సైకిలెక్కి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు. మళ్ళీ మా లైనుకి రాలేదు. సాయంత్రాలు గుమ్మంలో కూర్చున్న నాన్న, మరమరాలవాళ్ళ కేక వినిపిస్తే లేచి చూసేవారు. వేరే ఎవరో అయ్యుండేవారు.

ఆ ఆదివారం చర్చిలో పాస్టరు అయ్యగారు నాన్నని మెచ్చుకుని, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పమన్నారు. నాన్న లేచి నిలబడ్డారు. “నాను ఆపుకోలేదండీ. మా యమ్మ పిల్లని ఇచ్చింది, నాను అట్టుకున్నాను. అంతే” అని కూర్చుండిపోయారు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

కొన్నాళ్ళకి, నాకు జడ వేస్తున్నప్పుడు, నన్నెందుకు అలా వదిలేశావు, నాన్న పట్టుకోకపోతేనో అని మామ్మని అడిగాను. “దేవుడు ఆడికి కోపమూ ఇచ్చినాడు, నిన్నూ ఇచ్చినాడు. రెండూ ఒక్కపాలి అట్టుకోలేడు కదేటే” అంది. జడ కొసకి ముడి వేస్తూ, “నాకూ భయమేసింది” అని కూడా అంది.

నేను నాన్న కూతురిని. ఆయన కోపం నాకూ వచ్చింది. పిల్లల్ని పెంచినప్పుడూ, బడిలో పాఠాలు చెప్పినప్పుడూ, ఇంట్లో మాటా మాటా పెరిగినప్పుడూ అది గొంతుదాకా వచ్చేది. ఇప్పుడైతే ఆ పుకార్లు ఫోన్లలోనే వస్తున్నాయి, బొమ్మలతో సహా. మొన్న మా అబ్బాయి అలాంటిదేదో చూపిస్తే, ముందు నాకూ పిడికిలి బిగిసింది. వెంటనే భయం వేసింది. ఆ బొమ్మలో మనిషిని చూసి కాదు, నా పిడికిలిని చూసి. దేవుణ్ణి నేను చాలా అడిగాను, చాలా భయాలు తీసెయ్యమన్నాను. ఈ ఒక్క భయం తీసెయ్యమని మాత్రం ఎప్పుడూ అడగలేదు.