కడగని కింది గది

వీధిలో అందరూ ఆయన్ని తళతళ బాబాయి అంటారు. ఆయన సెలూన్‌లో నేల మీద ఒక్క వెంట్రుక కనబడదు. దువ్వెనలు వేడినీళ్లలో మునకలేస్తాయి. అద్దం ముందు కూర్చుంటే మన మొహం మీద మనకే కొత్తగా ప్రేమ పుడుతుంది. అలాంటి మనిషి షాపులో ఓ మూల మడ్డిని పెంచి, దాన్ని చూసి మురిసిపోతున్నాడంటే నమ్మడం కష్టమే.

గోడ వారగా పెద్ద ఉప్పునీటి తొట్టి ఉంది. వంతు కోసం కాచుకున్న వాళ్లు గడ్డం సంగతి మరిచిపోయి అందులోని చేపల్నే చూస్తారు. దాని కింద బీరువాలో ఇంకో చిన్న తొట్టి. అందులో చేపలుండవు, చిక్కుపడ్డ జుట్టులా ఉండకట్టిన పచ్చటి సముద్రపు నాచు ఉంటుంది. పైనీళ్లు గొట్టంలో కిందికి దిగి, చేపల వ్యర్థాన్ని ఆ నాచుకు మేతగా ఇచ్చి, మోటారు తోస్తే మళ్లీ పైకి పోతాయి. దీన్ని రెఫ్యూజియం అంటారని కూతురు చెప్పింది. నోరు తిరగక ఆయన ‘కింది గది’ అని పిలుచుకున్నాడు.

పుట్టినరోజుకు కూతురు మాండరిన్ చేప అడిగింది. వేలెడంత ఉంటుంది, నీలం ఒంటి మీద నారింజ రంగు అలలు. చేపలమ్మే ఆయన ముందే చెప్పాడు.

“ఇది పొడి మేత ముట్టదండీ. నీళ్లలో తిరిగే నలుసంత పురుగుల్నే తింటుంది. చాలా ఇళ్లలో ఆకలికే పోతుంది.”

“మా ఇంట్లో పోదు,” అన్నాడు బాబాయి, కూతురి ముందే.

కానీ చేప చిక్కిపోసాగింది. కడుపు లోపలికి పీక్కుపోయింది. కూతురు కాలేజీ నుంచి నేరుగా షాపుకొచ్చి, సంచి కూడా దించకుండా తొట్టి ముందు కూలబడేది. చేప కడుపు వంకే చూసేది. ఆ చూపే తండ్రికి గుచ్చుకునేది. ఆయన చేసే సేవకు మాత్రం లోటు లేదు. ప్రతి వారం నాచు బయటికి తీసి, చివర్లు సమంగా కత్తిరించి, కుళాయి కింద శుభ్రంగా కడిగి, అడుగున పేరుకున్న మడ్డి తుడిచి మళ్లీ సర్దేవాడు.

ఓ సెలవు రోజు కూతురు పక్కన నిలబడి ఆ తతంగమంతా చూసింది. బేసిన్‌లో జారిపోతున్న నీళ్లలో తెల్లటి నలుసులు. ఒకదాన్ని వేలి మీదికి తీసుకుంటే అది కాళ్లు ఆడించింది.

“నాన్నా, ఆపు! దాని అన్నం కడిగి పారబోస్తున్నావు!”

“అదేంటమ్మా?”

“అది తినేది వీటినే. నాచులో కాపురముంటాయి. మంచినీళ్లు తగిలితే చచ్చిపోతాయి.”

శుభ్రతే పరువుగా బతికిన మనిషి, ఆ శుభ్రతతోనే చేప నోటి దగ్గర కూడు లాగేశాడు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు. “ఇక కడగను,” అన్నాడు.

కడగకుండా ఉండటం ఎంత కష్టమో ఆయనకే తెలుసు. మడ్డి పేరుకుంటోంది, నాచు చింపిరిగా పెరుగుతోంది, చేతులు దురద పెడుతున్నాయి. “చూస్తే ఆగలేరు, ఆ బీరువా తలుపు మూసుకోండి,” అని భార్య నవ్వేది. నాచు మరీ పెరిగితే కొంచెం కత్తిరించి, ఆ ముక్కను తొట్టి నీళ్లలోనే మెల్లగా విదిలించి, పురుగులు రాలాకే పారేసేవాడు. కొన్నాళ్లకు కింది గది గాజు నిండా నలుసులు గెంతడం మొదలైంది.

అవే మోటారు వెంట పైకి చేరాయి. చేప రాళ్ల మధ్య ఆగి ఆగి పొడుచుకు తింది. పొట్ట గుండ్రంగా తేలింది. ఓ సాయంత్రం కూతురు తండ్రి భుజం మీద గడ్డం ఆనించి, “మన ఇంట్లో పోలేదు నాన్నా,” అంది. ఆయన కత్తెర పక్కన పెట్టి కళ్లు తుడుచుకున్నాడు. సగం కటింగ్‌తో కూర్చున్న మనిషి మర్యాదగా చూపు తిప్పుకున్నాడు.

ఇప్పుడు ఆ బీరువాకు తలుపు లేదు. అందరికీ కనబడాలని ఆయనే ఊడదీయించాడు. మొన్న కొత్తగా వచ్చిన ఒకాయన నురగ గడ్డంతో అటు చూసి, “ఇంత శుభ్రమైన షాపులో అదేంటి బాబాయ్? ఓసారి కడిగేయకూడదూ?” అన్నాడు.

బాబాయి కత్తి ఆపి, ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు.

“అది మా అమ్మాయి చేప వంటిల్లు బాబూ. వండిన అన్నాన్ని ఎవరైనా కుళాయి కింద పెడతారా? గడ్డం ఎత్తు.”