మస్తాన్‌బీ పరిచిన ఏడు ముక్కలు

మొన్న నెల్లూరులో ఒక మిత్రుని ఇంట, ఆయన కుమార్తె మాకు జోస్యం చెబుతానని టారో కార్డులు తీసింది. అవి అంటుకోకుండా ముందుగా వాటికి పౌడరు రాసింది. ఆ వాసన తగలగానే నేను లేచి పక్కగదిలోకి వెళ్లిపోయాను. మర్యాద కాదని తెలుసు. అయినా కూర్చోలేకపోయాను.

డెబ్బైలలో, ఉదయగిరిలో మా వీధి చివర ఉండే మస్తాన్‌బీ అత్త తన పేకముక్కలకు అలాగే పౌడరు రాసేది. ఆమె భర్త కొయ్య గరిటెలు చెక్కేవాడు. అందుకు కావలసిన కర్రను మా నాయన కొండ మీది నుంచి మోసుకొచ్చేవాడు. ఆమె గరిటెలను నునుపు చేస్తూనే, వచ్చినవారికి ప్రశ్న చూసేది. అడిగేవారు ఎడమచేత్తో కట్టను విడదీయాలి. ఆమె ఏడు ముక్కలు పరిచేది: మూడు గడిచినవి, ఒకటి నేటిది, మూడు రాబోయేవి. ఇస్పేటు ఆటంకం, కళావరు ప్రయాణం. జబ్బుమనిషి బతుకుతాడా అని ఎవరైనా అడిగితే మాత్రం ముక్కలను గుడ్డలో చుట్టేసి, "దానికి డాక్టరుండాడు, పోండి" అనేది.

మా ఇంట కళాశాల మెట్టెక్కినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆత్మకూరులో బి.ఏ. చదువుతూ, సెలవులకు వచ్చినప్పుడల్లా ఆమెను ఆటపట్టించేవాణ్ణి.

"అత్తా, అట్టముక్కకు రేపటి సంగతి ఎట్ట తెలుస్తాది?"

"ముక్కకేం తెలుస్తాది అబ్బయా! నువ్వు ముక్కను చూస్తావు, నేను మనిషిని చూస్తాను. ఏ ముక్క కాడ ఊపిరి బిగబడితే అదే వాడి ప్రశ్న. ఇంత చదివినావే, ఇది చెప్పలేదా మీ అయ్యవార్లు?"

చెప్పలేదు. ఎదుటి మనిషి ముఖాన్ని చదవడం నాకు నేర్పింది ఆమే.

చివరి సంవత్సరం పరీక్షల ముందు నాయనకు కాళ్లు వాచాయి. పడుకుంటే ఊపిరాడేది కాదు. నెల్లూరు పెద్దాసుపత్రికి తీసుకువెళతాను, పరీక్ష మానేస్తాను అన్నాను. వద్దంటారన్న ఆశతోనే అన్నాను. నాయన ఒప్పుకోలేదు. అమ్మ ఎటూ తేల్చుకోలేక, "మస్తాన్‌బీ వదినను అడుగుదాం" అంది.

ఆ రోజు అత్త ముక్కలను గుడ్డలో చుట్టలేదు. ఏడూ పరిచింది. చివరికి ఇస్పేటు వచ్చింది. దాని మీద అరచెయ్యి ఆనించి, పక్కనున్న కళావరును చూపించింది. "దారి కనపడతా ఉండాది. పరీచ్చ రాసి రానీ వదినా, ఆనక ఆసుపత్రికి పోవచ్చు. అన్నకేం కాదు."

చెబుతున్నంతసేపూ ఆమె ముక్కలనే చూసింది. మా ముఖాలు చూడలేదు. నేనది గమనించాను. గమనించి, మరునాడు ఆత్మకూరు బస్సెక్కాను.

మూడో పరీక్ష రాసి బయటికి వచ్చేసరికి చిన్నాన్న గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. తల ఎత్తలేదు.

కర్మకాండలన్నీ ముగిశాక ఆమె గడపలో నిలబడి అడిగాను. "ప్రాణం సంగతి చెప్పనన్నదానివి, ఎందుకు చెప్పినావు?"

"ముందు దినం మీ నాయన గోడ పట్టుకోని వచ్చినాడు. 'ఈ పరీచ్చ పోతే వాడు కూడా కొండెక్కి కర్ర మోస్తాడు. ఎట్టయినా పంపించు చెల్లీ' అన్నాడు."

"కాదనొచ్చు గదా!"

"అన్నాను. కాళ్లు పట్టుకోబోయినాడు." నా వైపు చూసింది. "నువ్వేంది, నా మొకం చూళ్లేదా? నేర్పించినానే నీకు."

గడప దిగి వచ్చేశాను. మళ్లీ ఆమె గడప తొక్కలేదు. ఎనభైలలో నేను ఆత్మకూరులో ఉపాధ్యాయుడిగా ఉండగా ఆమె పోయిందని కబురు వచ్చింది. వెళ్లలేదు. ఆమె అబద్ధమే నాయనను చంపిందని చాలా ఏళ్లు అందరితో చెప్పాను.

మిగిలిన పరీక్షలు ఆ సెప్టెంబరులో రాశాను. ఉత్తీర్ణుడనయ్యాను, ఉద్యోగమూ వచ్చింది. మార్చిలో తప్పినవి సెప్టెంబరులో రాసుకోవచ్చునని, బడి ముఖం చూడని నాయనకు ఎలా తెలుస్తుంది? అత్తకూ తెలియదు. మా అందరిలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఒక్కసారికే గట్టెక్కాడనిపించుకోవాలని, ఆ రోజు ఆ మాట ఎవరికీ చెప్పలేదు.