తెర మీద తెల్లటి మనిషి

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం హెలికాప్టర్ మమ్మల్ని సరిహద్దు కొండ మీద ఆర్మీ పోస్టులో దింపింది. మైనస్ ఇరవై రెండు. మోకాలి దాకా మంచు. మాది పరకాల. మా ఊరి ఎండలను తిట్టిన తిట్లన్నీ ఆ పూటే వెనక్కి తీసుకున్నాను.

నా డ్యూటీ థర్మల్ కెమెరా. ఒంటి వేడి కూడా ఒక కాంతేనట, మన కంటికి ఆనదంతే. తెర మీద వేడిగా ఉన్నది తెల్లగా, చల్లబడింది నల్లగా కనిపిస్తుంది. కింద బేసుతో మాట్లాడటానికి గాజు కేబుల్ ఉండేది. వెంట్రుకంత గాజుపోగులో మాట వెలుగై పోతుంది. మీ ఇంటి ఇంటర్నెట్టూ, ఆసుపత్రిలో కంటికి కొట్టే లేజరూ ఈ విద్యే. ఫోటోనిక్స్ అంటారు. రేపటి లోకం దీని మీదే నడుస్తుందని ట్రైనింగులో చెప్పారు. నడవనీ, నాకేం?

కేబుల్ చూసే లైన్‌మన్ వరంగల్ కొత్తవాడలో నేతపనివాళ్ల బిడ్డ. ఒక సాయంత్రం మంచు జారి కేబుల్ తెగింది. రేడియోలో గాలి గోల తప్ప ఏమీ లేదు. బంకర్లో వంటవాడికి ఊపిరాడటం లేదు. కిందికి కబురు పోవాలి.

"గ్లౌజులు తియ్యకు తమ్మీ," అన్నాను.

"తియ్యకుంటె పోగు ఎట్ల తెలుస్తదే అన్నా? మా బాపు గ్లౌజులు తొడుక్కొని నేస్తడా?" నవ్వుకుంటూ తాడు పట్టుకుని దిగాడు.

ముప్పావు గంటకు కేబుల్ ఫోను మోగింది. "అన్నా, ఇనవడ్తాందా? అతికింది. వస్తాన."

రాలేదు. వేళ్లు కొయ్యబారి తాడు పట్టు తప్పింది. వాలు మీద జారిపడ్డాడు. చీకటి పడింది, మంచు మళ్లీ కదులుతోంది. పోస్టు కమాండర్ హిందీలో ఒకటే మాట అన్నాడు. "ఎవరూ బయటికి పోవద్దు." ఆయన తప్పు లేదు. అయినా ఆయన్ని ఇప్పటికీ క్షమించలేను.

కంటికి కనిపించని మనిషి నా తెర మీద తెల్లగా ఉన్నాడు. తర్వాత బూడిదరంగుకు తిరిగాడు. తర్వాత చుట్టూ ఉన్న మంచులో కలిసిపోయాడు. అంత గొప్ప కెమెరా చూడటానికి తప్ప దేనికీ కొరగాలేదు.

పొద్దున హెలికాప్టర్ వచ్చింది. వంటవాడు బతికాడు.

పోస్టులో నా గడువు ముగిశాక వరంగల్ స్టేషన్‌లో దిగి నేరుగా కొత్తవాడ పోయాను. వాళ్ల బాపు మగ్గం మీద తెగిన పోగు అతుకుతున్నాడు. తల ఎత్తలేదు.

"ఆఖర్ల ఏమన్న అన్నడా బిడ్డా?"

"మా దిక్కు చెయ్యి ఊపిండు బాపూ," అన్నాను.

ఊపాడు. కానీ గ్లౌజుల్లేని అరచేతులు ముందే చల్లబడ్డాయి. తెర మీద ఆ తెల్లటి చెయ్యి మణికట్టు దాకే కనిపించింది.