ముద్ద పెట్టే చేయి

“మీ అమ్మ చేతి ముద్ద మాన్పించమని నెత్తీ నోరూ బాదుకున్నానా లేదా? రోజంతా జనాల మలం డబ్బాలు పట్టే చేతులవి!”

“మెల్లగా, వింటుంది.”

“విననీ! పిల్లకి మళ్లీ పురుగులొచ్చాయి.”

తలుపు అవతల ఆవిడ వింటూనే ఉంది. ముప్పై ఏళ్లుగా ఆస్పత్రి ల్యాబులో మైక్రోస్కోపు ముందు కూర్చున్న మనిషి. గాజుపలక మీద నులిపురుగుల గుడ్డు కనబడిన ప్రతిసారీ సబ్బుతో చేతులు తోముకున్న మనిషి. గుడ్లు గోళ్ల సందుల్లో, దుప్పట్లలో దాక్కుంటాయనీ, ఇంటిల్లిపాదీ ఒకేరోజు మాత్ర వేసుకుని, రెండు వారాలకు మళ్లీ వేసుకోవాలనీ మొదటిసారే చెప్పింది. వీళ్లు పిల్లకొక్కదానికే, అదీ ఒక్కసారే వేసి ఊరుకున్నారు.

ఆవిడ లోపలికి వెళ్లి మాత్రలు బల్లమీద పెట్టింది.

“నా చేతుల్ని తర్వాత తిడుదువుగాని, ముందు ఇది మింగవే తల్లీ. దుప్పట్లు వేణ్ణీళ్లలో నేను నానబెడతా.”

కోడలు మూతి ముడుచుకునే మింగింది. మధ్యాహ్నం పిల్లకి ముద్ద మాత్రం తనే పెట్టింది.

మనవరాలు ఆఖరి ముద్దతో పాటు నానమ్మ వేలు కూడా కొరికేది. ఆ కొరుకుడు కోసం ఆవిడ ప్రాణం కొట్టుకుపోతోంది.

సాయంత్రం పక్కవీధిలో ఉండే మేనల్లుడు వస్తే గోళ్లకత్తెర ఇచ్చి రెండు చేతులూ చాపింది.

“మైక్రోస్కోపులో గుడ్డు కనబడుతుంది గానీ, నా గోరు నాకు ఆనడం లేదురా. మొదలంటా తియ్. రెండు వారాలకు మళ్లీ వచ్చి తియ్. నేను చెబితే కోడలు నమ్మదు. అప్పుడు నా చేతులు చూసి, పిల్లకి ముద్ద పెట్టనివ్వమని నువ్వే దానికి చెప్పాలి.”