ఫైల్లో పేపర్ కటింగ్

తొంభైల మధ్యలో నేను పటాన్‌చెరు విలేకరిని. ఇస్నాపూర్ నుంచి చిట్కుల్ పోయే దారిలో ఒక లేత్ షెడ్డు ఉండేది. యజమాని నాకన్నా పదిహేనేళ్లు పెద్ద. సైన్యంలో ఆయుధాల మరమ్మతు నేర్చి వచ్చి, ఇక్కడ మందుల కంపెనీల పంపులకు షాఫ్టులు తయారుచేసేవాడు. లైసెన్సు తుపాకులున్న పటేళ్లు, కంపెనీల సెక్యూరిటీ ఆఫీసర్లు తమ ఆయుధాలు ఆయన దగ్గరికే తెచ్చేవారు. అదీ చాటుగా. తుపాకీ బాగుచేయడానికి కూడా వేరే లైసెన్సు కావాలి. దానికి ఆయన సంగారెడ్డి కలెక్టర్ ఆఫీసులో దరఖాస్తు పెట్టి రెండేళ్లు దాటింది. అది వస్తే షెడ్డుకు బోర్డు రాయించాలని ఆయన కోరిక.

ఒకరోజు నేనక్కడ ఉండగానే ఒక సెక్యూరిటీ ఆఫీసర్ వచ్చాడు. కోస్తా మనిషి. విదేశీ రివాల్వర్ తెచ్చాడు. దానికి విప్పి మార్చుకునే బ్యారెళ్లు రెండు. పొట్టిది నడుముకు, పొడుగుది గురి పోటీలకు. ఇంట్లో తనే పొడుగుది బిగించుకున్నాడు. ఇప్పుడు తూటాలు పెట్టే సిలిండర్ తిరగడం లేదు.

"పుస్తకంలో ఉన్నట్టే బిగించానండీ."

"పుస్తకం సదివి అందరు బిగిస్తే ఇగ మేమెందుకు సారూ?"

షెడ్డు యజమాని రివాల్వర్ ఖాళీగా ఉందో లేదో రెండుసార్లు చూసుకుని, బ్యారెల్ విప్పాడు. ఇత్తడి బ్రష్‌తో మసి తీసి, నూనె గుడ్డతో తుడిచాడు. మళ్లీ బిగిస్తూ, బ్యారెల్‌కూ సిలిండర్‌కూ మధ్య సన్నటి ఉక్కు రేకు దూర్చి చూశాడు.

"ఎక్కువ సందుంటే నిప్పు పక్కకు చిమ్ముతది. తక్కువుంటే సిలిండర్ పట్టుకుంటది. సందుల సన్నగ ఎలుతురు కనబడాలె, అంతే" అని నాకు చూపించాడు. సిలిండర్ వేలితో తిప్పితే గడియారంలా టక్ టక్‌మంటూ తిరిగింది.

ఫొటో తీశాను. ఆయన తలెత్తాడు.

"జెర ఆగు తమ్మీ. కాగితం చేతికొచ్చినంక రాస్కో."

"పేపర్ల వస్తెనే ఫైలు కదులుతదన్నా. ఎన్ని సూడలేదు నేను?"

ఆయన రేకును గుడ్డలో చుట్టుకుంటూ ఉండిపోయాడు. దాన్నే ఒప్పుకోవడం అనుకున్నాను. అట్లా అనుకోవడం నాకు వీలుగా ఉంది.

ఆదివారం జిల్లా పేజీలో సగం నాదే. 'లైసెన్సు ఇవ్వకపోయినా పదేళ్లుగా ఒక్క పొరపాటు లేకుండా తుపాకులు బాగుచేస్తున్నాడు' అని రాశాను. ఆఫీసుకు సిగ్గు రావాలని రాసిన వాక్యం అది. డెస్కులో మెచ్చుకున్నారు. కటింగ్ ఆల్బంలో అతికించుకున్నాను.

ఆ వారంలోనే షెడ్డుకు పోలీసులొచ్చి తుపాకుల పనిముట్లు పట్టుకుపోయారు. నెల తర్వాత దరఖాస్తు తిరస్కరించారు. కారణం కనుక్కుందామని సంగారెడ్డి పోయాను. గుమస్తా ఫైలు తెరిచి నా ముందు పెట్టాడు. దరఖాస్తు పైన నా కటింగ్ గుచ్చి ఉంది. 'లైసెన్సు ఇవ్వకపోయినా' అన్న వాక్యం కింద ఎర్ర సిరా గీత.

"మాకు విచారణ పని గూడ తప్పిచ్చిన్రు సార్. మంచిగ రాసిన్రు" అన్నాడు గుమస్తా. అందులో ఎగతాళి ఎంతో, నిజం ఎంతో తేల్చుకోలేకపోయాను.

తిన్నగా షెడ్డుకు పోయాను. ఆయన ఒక షాఫ్టును లేత్‌కు బిగిస్తున్నాడు.

"పేపర్ల సవరణ ఏపిస్త అన్నా."

"ఏమని ఏపిస్తవ్?"

ఆయన షాఫ్టును చేత్తో ఒకసారి తిప్పి, వంకర ఉందేమో చూసుకున్నాడు.

"నేను గూడ సదివిచ్చుకున్న. రెండుసార్లు. నువ్వు రాసిన దాంట్ల ఒక్క అబద్ధం లేదు తమ్మీ. ఉంటే కొట్లాడెటోన్ని."

లేత్ స్విచ్ వేశాడు. ఆ చప్పుడులో ఇంకేం మాట్లాడినా వినపడదు.