పూజకి ఒకటి, పనికి ఒకటి

మా కంప్యూటర్ మేడమ్ గారు పోయారని పొద్దున్నే గుడివాడ నుంచి ఫోను వచ్చింది. నిద్రలోనే వెళ్ళిపోయారట. చిలకలపూడిలో మా రోల్డుగోల్డు కొట్టు తాళాలు చేతిలో పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. ఆవిడ మాకు చుట్టం కాదు. అయినా ఆ రోజు కొట్టు తెరవబుద్ధి కాలేదు.

బందరులో చిన్న చిన్న కొట్లవాళ్ళు కంప్యూటర్లు కొనడం మొదలుపెట్టిన కొత్తల్లో ఆవిడ కంప్యూటర్ సెంటర్ నడిపేవారు. గుళ్ళోకి వెళ్ళినట్టు చెప్పులు బయట విప్పి లోపలికి వెళ్ళాలి. మందుల షాపువాళ్ళది గానీ, బియ్యం మిల్లుది గానీ, ఎవరి కంప్యూటర్ మొరాయించినా మోపెడ్ మీద వచ్చి వాలేవారు. అవనిగడ్డ నుంచి కబురొచ్చినా బస్సెక్కి వెళ్ళేవారు. టీ ఇస్తే మాత్రం కీబోర్డు దగ్గర తాగరు. వీధిలో నిలబడి తాగి వచ్చేవారు, మమ్మల్నీ అలాగే తాగమనేవారు.

ఎవరు కనబడినా "బాగున్నారా" అని అడగరు. "కాపీ తీశారా?" అంటారు, కంప్యూటర్‌లో ఉన్నదంతా వేరేచోట ఇంకోటి దాచారా అని. ఒక పెళ్ళిలో పంక్తిలో కూర్చున్న మిల్లు యజమానిని ఇలాగే అడిగితే, పాపం ఆయన గారె నోటి దాకా తీసుకెళ్ళి ఆగిపోయాడు. నాకైతే చిర్రెత్తుకొచ్చేది. "కంప్యూటర్ కొన్నది పని తగ్గుతుందనా, పెరుగుతుందనా మేడమ్?" అని ఒకసారి అడిగేశాను. ఆవిడ నవ్వి, "విత్తనాలు మొత్తం ఒక్క గాదెలోనే పోసుకుంటామా అమ్మా? యంత్రం చెప్పి చావదు" అన్నారు.

కాపీల గురించి "పూజకి ఒకటి, పనికి ఒకటి, పక్కూరికి ఒకటి" అన్న ఆవిడ మాట తర్వాత్తర్వాత బజారులో చాలామంది నోట నానింది. ఆ మాట పుట్టడానికి కారణం మా ఇంటి నిర్వాకమే.

మా మావయ్యగారు నగల డిజైన్లు గీసేవారు. జూకాలు, వంకీలు, నెమళ్ళు, మామిడిపిందెలు, అన్నీ ఆయన చేతి గీతలే. పాత అచ్చు అరిగిపోతే ఆ బొమ్మ చూసే కొత్త అచ్చు చేయించేవాళ్ళం. పక్షవాతం వచ్చి ఆయన కుడిచెయ్యి పడిపోయాక, మేడమ్ గారు ఓపిగ్గా కూర్చుని ఆ బొమ్మలన్నీ స్కాన్ చేసి మా కంప్యూటర్‌లోకి ఎక్కించారు. రెండు సీడీల మీద కాపీలు తీసి మా అత్తగారి చేతికిచ్చి, "జాగ్రత్తండీ పిన్ని గారూ" అన్నారు. మా అత్తగారి దృష్టిలో జాగ్రత్తైన చోటంటే దేవుడి గూడే.

ఆ ఏడు తుపానుకి కొట్లోకి మోకాటి లోతు నీళ్ళొచ్చాయి. బల్ల కింద కంప్యూటర్, కింది సొరుగులో కాగితాలు, రెండూ మునిగిపోయాయి. సిరా కరిగి కాగితాలు నీలం ముద్దలయ్యాయి. "పోతే పోయాయిలేమ్మా" అన్నారు మావయ్యగారు. అన్నారు గానీ అన్నం ముట్టలేదు. మళ్ళీ గీద్దామంటే చెయ్యి లేదు. ఆయన జన్మంతా చేసిన పని అదొక్కటే.

ఇక మాకు మిగిలినవి ఆ సీడీలే. మేడమ్ గారు వచ్చాక గూట్లోంచి తీశాం. దసరాకి పనిముట్లతో పాటు వాటికీ పూజ జరిగిపోయింది. మెరిసే వైపు గంధం పూసి, దాని మీద కుంకుమ బొట్లు పెట్టి ఉన్నాయి. మావారు తల పట్టుకున్నారు.

"అద్దంలా మెరుస్తుంటే అదే ముఖం అనుకున్నానమ్మా. వీపుకి ఎవరైనా బొట్టు పెడతారా?" అన్నారు మా అత్తగారు.

ఇంకొకరైతే నవ్వేవారు. నేనైతే దులిపేద్దామని నోరు తెరిచాను కూడా. మేడమ్ గారు నా వైపు ఒక్క చూపు చూశారు. "మీ తప్పేం లేదండీ పిన్ని గారూ. ఎటువైపు ముట్టుకోకూడదో నేను చెప్పలేదు. తప్పు నాది" అన్నారు. పని తెలిసినవాళ్ళని చాలామందిని చూశాను గానీ, తెలియనివాళ్ళని చిన్నబుచ్చనివాళ్ళని తక్కువ చూశాను. ఆ రోజు ఆవిడ మీద పుట్టిన గౌరవం నాకు ఇప్పటికీ తగ్గలేదు. ఆ తర్వాత ఆవిడే ఒక ఖాళీ సీడీ తెచ్చి, పూజకి ఇది వాడుకోండని మా అత్తగారికి ఇచ్చారు. పనికొచ్చే కాపీ ఒకటి కొట్లో, మళ్ళీ నీళ్ళొచ్చినా పోకుండా ఇంకొకటి పక్కూళ్ళో ఉంచమన్నారు.

ఆ రోజే మావయ్యగారిని రిక్షా ఎక్కించి అందరం సెంటరుకి వెళ్ళాం. మేడమ్ గారు సీడీలని సబ్బునీళ్ళలో నానబెట్టి, మెత్తటి పాత చీరముక్కతో మధ్య నుంచి అంచుకి మెల్లగా తుడిచారు. మొదటిది పలకలేదు. రెండోది లోపల పెట్టాక కంప్యూటర్ చాలాసేపు గుర్రుమంది. చివరికి పేర్లు కనిపించాయి.

"తెరవండి మేడమ్, చూద్దాం" అన్నాను ఆగలేక.

"చూడ్డం తర్వాతమ్మా. ముందు కాపీ."

కాపీ అయింది గానీ, కొన్ని బొమ్మలు రానేలేదు. ఆ సంగతి ఇప్పుడే ఆయనకి చెప్పొద్దని మేడమ్ గారు నాకు సైగ చేశారు. తర్వాత మానిటర్‌ని బల్ల అంచుదాకా జరిపి మావయ్యగారి వైపు తిప్పారు. తెర మీద ఒక జూకా తెరుచుకుంది. మావయ్యగారు ఎడమచెయ్యి చాపి, వేలితో దాని గీత మీదుగా పైనుంచి కింద దాకా గీసుకుంటూ వచ్చారు. తెర ముట్టుకుంటే చాలు, ఆ సెంటర్లో ఎవరికైనా చివాట్లు తప్పేవి కావు.

"ఇంకోటి పెట్టనా బాబాయి గారూ?"

"పెట్టమ్మా."

ఒకటి తర్వాత ఒకటి, వచ్చిన ప్రతి బొమ్మనీ ఆయన ఎడమచేత్తో మళ్ళీ గీశారు. తెర నిండా వేలి మరకలు. మేడమ్ గారు చీరముక్క చేతిలో పట్టుకుని, తుడవకుండా, పక్కనే నిలబడి ఉన్నారు.