ఆంటీ ఎత్తిన వేలు

కెనడాలోని మిస్సిసాగాలో ఆర్కెస్ట్రాలకు ట్రయాంగిళ్లు చేసే మా చిన్న వర్క్‌షాపులో, నాదం పరీక్షించే పని ఆంటీది. మూడు మూలల ఉక్కు కడ్డీని ఒక్కసారి తట్టి, వేలెత్తేవారు. నాదం పూర్తిగా ఆరేదాకా ఓనరు పిలిచినా పలికేవారు కాదు.

ఓ పెద్ద ఆర్కెస్ట్రా నుంచి ఒక్క ట్రయాంగిల్‌కి ఆర్డరొస్తే వరసగా పదకొండు పక్కన పెట్టేశారు.

"పాస్ చేసెయ్యండి ఆంటీ, ఇంకా ఆలస్యమైతే ఆర్డర్ క్యాన్సిల్ చేస్తారట!" అన్నాను.

"చివర్లో వణుకుతోందమ్మా. పంపను."

పన్నెండోది పంపారు.

కచేరీకి మమ్మల్నీ పిలిచారు. ఆఖర్న వాద్యాలన్నీ ఆగిపోయి, మా ట్రయాంగిల్ ఒక్కటే మోగింది. చప్పట్లకు లేచిన నా చేతుల్ని ఆంటీ వేలు ఆపింది. వేదిక మీద వాద్యబృందాన్ని నడిపే కండక్టర్ చెయ్యీ గాల్లోనే ఉంది. హాలంతా ఊపిరి బిగబట్టింది.

చెయ్యీ వేలూ ఒకేసారి దిగాయి.

"ఇప్పుడు కొట్టమ్మా!" అన్నారు ఆంటీ.

హాలు దద్దరిల్లింది.